మీకు తెలుసా? ఒక ట్యాంకు నీళ్లు, నాలుగు ట్యాంకుల కరెంటు

ఎల్బీ నగర్ రింగ్ రోడ్డు దగ్గర పొద్దున్నే నిలబడితే "మాల్, దేవరకొండ, సాగర్" అన్న కేకలు వినపడుతుంటాయి. ఆ సాగర్ రోడ్డే పట్టుకుని బీఎన్ రెడ్డి నగర్, తుర్కయంజాల్, ఇబ్రహీంపట్నం, యాచారం దాటుకుంటూ పోతే సుమారు 150 కిలోమీటర్ల దూరాన కృష్ణానది మీద నాగార్జునసాగర్ ఆనకట్ట వస్తుంది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు అది. దాని ఎడమ కాలువ పేరు లాల్ బహదూర్ కాలువ. మన ఎల్బీ నగర్ అసలు పేరూ లాల్ బహదూర్ నగరే. పేర్లు కలవడం ఒక్కటే కాదు, ఇంట్లో నల్లా తిప్పినా స్విచ్చి వేసినా ఆ నదితో మనకో లెక్క ఉంది.

ఆనకట్ట దగ్గరి ప్రధాన జలవిద్యుత్ కేంద్రంలో ఎనిమిది యూనిట్లు ఉన్నాయి. ఒకటి 110 మెగావాట్లు, మిగతా ఏడూ ఒక్కోటి 100.8. అన్నీ కలిపితే 815.6 మెగావాట్లు. జలాశయం నిండుగా ఉన్నప్పుడు నీళ్లు సుమారు వంద మీటర్ల ఎత్తు నుంచి దిగి టర్బైన్ రెక్కలను తోస్తాయి. అలా వంద మీటర్లు దిగిన వెయ్యి లీటర్లు, అంటే మన డాబా మీద ఉండే ఒక నల్ల ట్యాంకు నీళ్లు, ఎంత కరెంటు ఇస్తాయో తెలుసా? పావు యూనిట్. సీలింగ్ ఫ్యాను మూడు గంటలు తిరగడానికి సరిపోతుంది.

ఇప్పుడు అవే నీళ్లు మన నల్లాలోకి రావడానికి ఎంత కావాలో చూడండి. కృష్ణా తాగునీటి పథకం మొదటి దశ నీళ్లు నగరానికి 2004లో వచ్చాయి. కోదండాపూర్ దగ్గర శుద్ధి చేసి, అక్కడి నుంచి పంపుల మీద పంపులు పెట్టి గున్‌గల్ దాకా ఎక్కిస్తారు. అక్కడి నుంచి నీళ్లు వాటంతట అవే పల్లానికి జారుతూ సాహెబ్‌నగర్ రిజర్వాయర్‌కు చేరతాయి. సాగర్ నిండు మట్టం సముద్ర మట్టానికి 590 అడుగులు. మన ఎల్బీ నగర్ 1600 అడుగుల పైన ఉంది. తేడా వెయ్యి అడుగులు. వెయ్యి లీటర్లను అంత ఎత్తుకు మోయాలంటే, పంపులో పోయే నష్టం కూడా కలిపితే, ఒక యూనిట్ కంటే ఎక్కువే కరెంటు ఖర్చవుతుంది. అంటే మన ఇంటికి ఒక ట్యాంకు నీళ్లు రావాలంటే సాగర్ దగ్గర నాలుగు ట్యాంకుల పైగా నీళ్లు టర్బైన్ల మీద దిగితే పుట్టేంత కరెంటు కావాలి.

సంపులోంచి ఐదో అంతస్తుకు మన మోటారు ఎక్కించే ఖర్చు దీని ముందు ఏపాటిది? యూనిట్‌లో సుమారు పదో వంతు. ట్యాంకు పొర్లుతుంటే "మోటారు కట్టెయ్యండి, బిల్లు వస్తుంది" అని అరుస్తాం గానీ, పొర్లిపోయిన నీళ్లలో మోటారు కరెంటుకు పదింతలు అప్పటికే దాగి ఉంది. అది మన మీటరులో తిరగలేదు కాబట్టి మన కంటికి ఆనదు.

సాగర్‌లోని ఆ ఏడు యూనిట్లకు ఇంకో గుణం ఉంది. అవి వెనక్కి కూడా తిరుగుతాయి. కరెంటు మిగిలే వేళల్లో గ్రిడ్ నుంచే కరెంటు తీసుకుని, కిందికి పోయిన నీళ్లను తిరిగి జలాశయంలోకి తోడతాయి. వాడకం పెరిగిన వేళ ఆ నీళ్లనే మళ్లీ దించుతారు. కరెంటును ఇంత పెద్ద మొత్తంలో దాచుకునే పద్ధతుల్లో ప్రపంచమంతటా ఎక్కువగా వాడేది ఇదే. శ్రీశైలం ఎడమగట్టున కొండ లోపల ఉన్న కేంద్రంలోనూ 150 మెగావాట్ల చొప్పున ఆరు యూనిట్లు ఇలాంటివే. 2020 ఆగస్టు 20 రాత్రి అక్కడ మంటలు చెలరేగి, ఆ భూగర్భంలో తొమ్మిది మంది చనిపోయారు. ఆ తేదీ పెద్దగా ఎవరికీ గుర్తుండదు. మనం గుర్తుపెట్టుకోవాల్సిన తేదీ అని నా నమ్మకం.

సాగర్‌లో పుట్టిన కరెంటు దిల్‌సుఖ్‌నగర్ దాకా వస్తుందంటే తీగలో ఎలక్ట్రాన్లు నూట యాభై కిలోమీటర్లు పరిగెత్తుకొస్తాయనుకుంటాం. అలా జరగదు. మీ బల్బులో కదిలే ఎలక్ట్రాన్లు మీ ఇంటి తీగల్లోనే మొదటి నుంచీ ఉన్నాయి. అవి ఉన్నచోటే ముందుకూ వెనక్కూ, సెకనుకు 50 సార్లు, వెంట్రుక మందంలో కూడా చాలా చిన్న వంతు మేర ఊగుతుంటాయి. దూరం నుంచి వచ్చేది ఆ ఊపు మాత్రమే. పండ్ల బజారులో బళ్లు ఒకదాని వెనుక ఒకటి ఆనించి ఉన్నప్పుడు చివరి బండిని తోస్తే మొదటి బండి కదులుతుంది చూడండి, అలాంటిదే ఇది. కాకపోతే ఈ తోపు దాదాపు కాంతి వేగంతో వస్తుంది.

సోలార్ పలకలు పక్కన పెడితే, కరెంటు పుట్టించే పెద్ద కేంద్రాలన్నీ చేసేది ఒక్కటే పని. రాగి తీగ చుట్టల నడుమ అయస్కాంతాన్ని తిప్పడం. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రం అది. తిప్పే చెయ్యి ఒక్కటే మారుతుంది. సాగర్‌లో నీళ్లు తిప్పుతాయి, రామగుండంలో ఆవిరి తిప్పుతుంది. ఎల్బీ నగర్ నుంచి విజయవాడ హైవే ఎక్కి, నార్కట్‌పల్లి దగ్గర మిర్యాలగూడ వైపు మళ్లి చాలా దూరం పోతే దామరచర్ల మండలంలో యాదాద్రి థర్మల్ కేంద్రం వస్తుంది. 800 మెగావాట్ల చొప్పున ఐదు యూనిట్లుగా రూపొందించిన కేంద్రం. అంటే మన చౌరస్తా నుంచి చీలే రెండు రోడ్లలో ఒకటి నీటి కరెంటుకు పోతే, ఇంకొకటి బొగ్గు కరెంటుకు పోతుంది.

బొగ్గుతో ఒక యూనిట్ పుట్టించాలంటే సుమారు 600 నుంచి 700 గ్రాముల బొగ్గు మండాలి. నెలకు 200 యూనిట్లు వాడే ఇంటికి ఆ కరెంటంతా బొగ్గు నుంచే వస్తే, నెలకు సుమారు 130 కిలోలు. 25 కిలోల బియ్యం బస్తాలు ఐదింటికి పైనే. మన గోదావరి లోయ బొగ్గు వయసు 25 కోట్ల ఏళ్లకు పైమాటే. ఇల్లెందు దగ్గర అది ఉందని గుర్తించింది 1871లో. అంత పాత అడవిని మనం ఒక మధ్యాహ్నపు ఏసీకి కాలుస్తున్నాం.

2013 డిసెంబర్ 31న రాయచూర్, షోలాపూర్‌ల మధ్య 765 కిలోవోల్టుల లైను కలిసింది. దాంతో దక్షిణాది గ్రిడ్, మిగతా దేశపు గ్రిడ్ ఒకటే లయలోకి వచ్చాయి. ఆ రోజు నుంచి రామగుండంలో నిమిషానికి 3000 చుట్లు తిరిగే టర్బైనూ, ఉత్తరాన హిమాలయాల్లో మెల్లగా తిరిగే జలవిద్యుత్ యంత్రాలూ ఒకే తాళానికి కట్టుబడి ఉన్నాయి. ఆ తాళమే 50 హెర్ట్జ్. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఏసీ ఆన్ చేస్తే ఆ భారం దేశంలోని అన్ని టర్బైన్ల మీదా రవ్వంత పడుతుంది. అవి రవ్వంత నెమ్మదిస్తాయి. తీగల్లో కరెంటు నిల్వ ఉండదు, ఏ క్షణం వాడేది ఆ క్షణమే పుట్టాలి. అందుకే విద్యుత్ సౌధలోని లోడ్ డిస్పాచ్ సెంటర్‌లో రాత్రీ పగలూ మనుషులు ఆ అంకె వైపే చూస్తుంటారు. 50కి కిందికి జారితే ఎక్కడో ఒకచోట ఉత్పత్తి పెంచాలి. ఆరిన బొగ్గు కేంద్రం వేడెక్కి లేవడానికి గంటలు పడుతుంది. సాగర్, శ్రీశైలం నిమిషాల్లో లేస్తాయి. పొద్దున ఆరింటికి మన కాలనీల్లో గీజర్లూ బోరు మోటార్లూ ఒక్కసారిగా మొదలైనప్పుడు ఆదుకునే వాటిలో ముందు వరస వీటిదే.

వీధి మలుపులో ట్రాన్స్‌ఫార్మర్ "గుయ్" మంటుంది, విన్నారా? లోపల ఇనుప రేకుల కట్ట ఉంటుంది. కరెంటు దిశ మారే ప్రతిసారీ ఆ రేకులు అయస్కాంతమై కంటికి కనపడనంత సాగి, మళ్లీ ముడుచుకుంటాయి. 50 సార్లు అటూ, 50 సార్లు ఇటూ, మొత్తం సెకనుకు 100. ఆ గుయ్‌మనడం దాని శ్రుతి. దానికొచ్చే కరెంటు 11,000 వోల్టులు, మనకిచ్చేది 230. వెనక్కి పోతే సబ్‌స్టేషన్‌లో 33,000, ఇంకా వెనక 1,32,000, 2,20,000, 4,00,000. వోల్టేజి పదింతలు పెంచితే తీగలో వేడిగా పోయే నష్టం నూరో వంతుకు పడిపోతుంది. అందుకే అంత ఎత్తుకు ఎక్కించి, ఇంటి ముందు దించుతారు.

ఇక మీ మీటరు. మెట్ల కింద, చెప్పుల స్టాండు పక్కన, దుమ్ము పట్టి ఉంటుంది. దగ్గరికెళ్లి చూడండి. ఒక చిన్న ఎర్ర దీపం మిణుకుమంటుంటుంది. దాని పక్కన 3200 అనో, 1600 అనో ఒక అంకె అచ్చు వేసి ఉంటుంది. ఆ ఎర్ర దీపం అన్నిసార్లు మిణుకుమంటే ఒక యూనిట్ కాలినట్టు. ఇంట్లో ఏ వస్తువు ఎంత తాగుతుందో తెలుసుకోవడానికి ఎవరినీ పిలవక్కర్లేదు. అన్నీ కట్టేసి, ఒక్క గీజరే వేసి, ఇంకొకరిని గడియారం పట్టుకోమని, ఒక నిమిషం మిణుకులు లెక్కపెట్టండి. 3200 మీటరులో రెండు వేల వాట్ల గీజరుకు నిమిషానికి 107 దాకా వస్తాయి. అంత వేగంగా లెక్కపెట్టడం కష్టమే, పావు నిమిషం లెక్కించి నాలుగుతో గుణించండి. పాత సీలింగ్ ఫ్యాను ఒక్కటే ఉంటే పదిహేను సెకన్లకు ఒకసారి మిణుకుమంటుంది. కొత్త బీఎల్‌డీసీ ఫ్యాను అయితే అరనిమిషం కాచుకోవాలి. అన్నీ కట్టేశాక కూడా మిణుకుమంటూనే ఉందా? టీవీ, సెట్‌టాప్ బాక్సు, వైఫై పెట్టె నిద్రపోతున్నట్టు నటిస్తూ తాగుతున్నాయి. మా ఇంట్లో పిల్లలతో ఈ ఆట ఆడించాను. మా చిన్నవాడు మెట్ల మీద గొంతుక్కూర్చుని మూడు నిమిషాలు కదలకుండా లెక్కపెట్టాడు. ఆ తర్వాత వారం రోజులు ఎవరు గదిలోంచి బయటికొచ్చినా "ఫ్యానూ!" అని వెంటపడ్డాడు.

ఆ లెక్క అవసరం ఎందుకంటే, ఇళ్లకు అన్నిటికంటే ఖరీదైన యూనిట్ 201వది. 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ధరల్లో, నెలకు 101 నుంచి 200 యూనిట్ల మధ్య వాడే ఇంటికి మొదటి వందకు యూనిట్ రూ.3.40, రెండో వందకు రూ.4.80. సరిగ్గా 200 వాడితే ఎనర్జీ చార్జీ రూ.820. ఒక్క యూనిట్ పెరిగితే శ్లాబు మొత్తం మారిపోయి, మొదటి 200 యూనిట్లకూ రూ.5.10 చొప్పున రూ.1020, ఆ పైదానికి రూ.7.70. ఆ ఒక్క యూనిట్ రెండు వందల పైన పడింది. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద అర్హులైన ఇళ్లకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వస్తోంది. వాళ్లకైతే 201వ యూనిట్ ఇంకా బరువు, బిల్లంతా కట్టాల్సిందే. నెలాఖరున మీటరు చూసి, బట్టల ఇస్త్రీ రెండు రోజులు వాయిదా వేసే ఇల్లాలిని పిసినారి అనకండి. ఆమె లెక్క తెలిసిన మనిషి.

దిల్‌సుఖ్‌నగర్ అంటే కోచింగ్ సెంటర్లు, వాటి వెనక గల్లీల్లో హాస్టళ్లు. నేనూ ఒకప్పుడు అలాంటి గదిలోనే ఉండేవాణ్ణి. నలుగురికి ఒకటే ప్లగ్గు. చలికాలం ఒకరోజు పొద్దున పక్క గది కుర్రాడు బకెట్‌లో హీటర్ రాడ్ పెట్టి, కాగాయో లేదో చూద్దామని స్విచ్చి కట్టకుండా వేలు ముంచాడు. ఎగిరి గోడకు తగిలి పడ్డాడు. బతికాడు. కిందికెళ్లి చూస్తే ఎంసీబీ పడలేదు, లైటు వెలుగుతూనే ఉంది. అప్పుడు నాకు అర్థం కాలేదు, తర్వాత తెలిసింది. ఎంసీబీ కాపాడేది తీగలను. 16 ఆంపియర్ల ఎంసీబీ పడాలంటే అంతకు మించి కరెంటు పారాలి. మనిషి గుండె లయ తప్పడానికి ఆంపియర్‌లో పదో వంతు కూడా అక్కర్లేదు. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయా లేదా అని చూస్తూ ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే, అంటే అంత కరెంటు ఎవరి ఒంట్లోంచో నేలలోకి పోతుంటే, రెప్పపాటులో కట్టేస్తుంది. పిల్లల్ని హాస్టల్లో చేర్చేటప్పుడు ఫీజు, భోజనం అడిగే అమ్మానాన్నలకు నాదొక మనవి. మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ ఉందా అని కూడా అడగండి. దాని మీద "టెస్ట్" అని చిన్న బటన్ ఉంటుంది. నొక్కితే టక్కున పడాలి. పడకపోతే అది ఉన్నా లేనట్టే.

మూడు పిన్నుల ప్లగ్గులో పై పిన్ను లావుగా, పొడుగ్గా ఎందుకుంటుంది? అది ఎర్త్. గుచ్చేటప్పుడు కరెంటు కంటే ముందు అదే తగలాలి, పీకేటప్పుడు అన్నిటికంటే చివర అదే వదలాలి. లావు ఎందుకంటే, పొరపాటున కూడా ఫేజ్ రంధ్రంలో దూరకూడదని.

మెట్రో సంగతి. మన ఎల్బీ నగర్ నుంచి అమీర్‌పేట దాకా లైను 2018 సెప్టెంబర్ 24న మొదలైంది. పైన తీగలో 25,000 వోల్టులు. రైలు దిల్‌సుఖ్‌నగర్ స్టేషన్‌లోకి వస్తూ వేగం తగ్గేటప్పుడు దాని మోటార్లు జనరేటర్లుగా మారిపోతాయి. చక్రాలు వాటిని తిప్పుతాయి, అవి కరెంటు పుట్టించి తిరిగి తీగలోకి తోస్తాయి. అదే క్షణంలో ఇంకో స్టేషన్ నుంచి బయల్దేరే రైలు దాన్ని వాడుకోగలదు. మీరు దిగడానికి తలుపు దగ్గరికి జరుగుతున్నప్పుడు, మీ బరువు ఆగిన శక్తి కూడా అందులో ఉంటుంది.

నగరానికి కరెంటు ఎప్పుడూ సాగర్, రామగుండం అంత దూరం నుంచే రాలేదు. నిజాం కాలంలో, 1920ల్లో, హుస్సేన్ సాగర్ ఒడ్డునే ఒక థర్మల్ కేంద్రం ఉండేది, ఇప్పటి ఎన్టీఆర్ గార్డెన్స్ వైపు. చెరువు నీళ్లతోనే యంత్రాలను చల్లబరిచేవారు. దాన్ని 1990ల్లో కూల్చేశారు.

వానాకాలం. సరూర్‌నగర్ చెరువు కింది కాలనీలు 2020 అక్టోబర్‌లో మునిగినప్పుడు చూసినవాళ్లకు తెలుసు, నీళ్లు సెల్లార్‌లోకి వచ్చాయంటే ముందు అందేది మీటర్ల బోర్డే. అందుకే అలాంటప్పుడు సరఫరా ఆపేస్తారు. చీకట్లో 1912కు ఫోన్ చేసి విసుక్కునే ముందు, వీధిలోని నీళ్లు మీ మీటరు బోర్డుకు ఎంత దూరంలో ఉన్నాయో చూడండి.

మామూలు గాలివానకు జంపర్, అంటే స్తంభం మీద రెండు తీగలను కలిపే ముక్క, తెగితే లైన్‌మన్ వస్తాడు. రాగానే స్తంభం ఎక్కడు. ముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి "ఎల్‌సీ ఇవ్వండి సార్" అంటాడు. ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. అక్కడ లైను ఆపి, ఎల్‌సీ ఇచ్చామని రాసుకుంటారు. ఇక్కడ ఇతను లైనును విడదీసే ఏబీ స్విచ్చి దించుతాడు. అయినా ఎక్కడు. పొడవాటి కర్ర చివర కొక్కేన్ని తీగలకు తగిలించి, దాని తీగను నేలలో గుచ్చి ఎర్త్ చేస్తాడు. లైను ఆగిపోయింది కదా, ఇదంతా ఎందుకు అనిపిస్తుంది.

ఎందుకో చెబుతాను. అదే వీధిలో ఒక ఫంక్షన్ హాలో, బట్టల దుకాణమో ఉంటుంది. కరెంటు పోగానే జనరేటర్ వేస్తారు. చేంజ్‌ఓవర్ స్విచ్చి, అంటే జనరేటర్‌నూ వీధి లైనునూ ఒకేసారి కలవనివ్వని స్విచ్చి, లేకుండా దాన్ని నేరుగా వైరింగుకు కలిపి ఉంటే, ఆ 230 వోల్టులు మీటరు దాటి వీధి ట్రాన్స్‌ఫార్మర్ దాకా వెనక్కి పోతాయి. ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇటు, అటు అన్న తేడా లేదు. అటు నుంచి 11,000 వస్తే 230 చేస్తుంది. ఇటు నుంచి 230 వస్తే 11,000 చేస్తుంది. చచ్చిన లైను అనుకుని పట్టుకున్న మనిషి చేతిలో పదకొండు వేల వోల్టులు.

ఆ కర్రను తగిలించాకే అతను నిచ్చెన ఆనించి ఎక్కుతాడు. కింద ఒకడు టార్చి పట్టుకుని, ఇంకో చేత్తో నిచ్చెన పట్టుకుని, వానలో పైకి చూస్తూ నిలబడతాడు. జంపర్ కట్టి, దిగి, కొక్కెం తీసి, "రిటర్న్ సార్" అని ఫోన్ చేస్తాడు. నిమిషం లోపు ట్రాన్స్‌ఫార్మర్ గుయ్‌మంటుంది. మీ జనరేటర్‌కు చేంజ్‌ఓవర్ ఉందో లేదో రేపు పొద్దున చూడండి.